కళ్ళు లారీ మీద, వేళ్ళు కీల మీద

ఈ ఉదయం ఆఫీసు బీరువా సర్దుతుంటే అడుగు అరలోంచి నా మొదటి ఉద్యోగం నాటి పాత కీబోర్డు ఒకటి బయటపడింది. తిరగేసి అరచేత్తో నాలుగు తట్లు తడితే టేబుల్ మీద నల్లటి పొడి రాలింది. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది. కృష్ణపట్నం ఓడరేవు బొగ్గు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే పక్క సీటు అమ్మాయి వింతగా చూసింది. చూడనీ. ఆ వాసనతో నాకు షంషాద్ అక్క గుర్తొచ్చింది. నాకు పని నేర్పిన మనిషి ఆమె. పొగరు నేర్పింది కూడా ఆమేనని మా ఆయన అంటాడు. కాదని నేనెప్పుడూ అనలేదు.

నెల్లూరులో ఒక మేడ మీద రెండు గదుల్లో అక్క ఆఫీసు ఉండేది. లారీలు తూచే కాటాలకి కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసి ఇచ్చేవాళ్ళం. నేను మనుబోలు నుంచి బస్సులో వచ్చేదాన్ని. మా ఇంట్లో అందరూ వరి పండించేవాళ్ళే. ఫ్యాను కింద కూర్చుని చేసేది పనే కాదని మా నాయనమ్మ అభిప్రాయం. చేరిన మొదటిరోజే అక్క నా టేబుల్ దగ్గరికి వచ్చి, కంప్యూటర్‌కి ఉన్న మౌస్ వైరు పీకి సొరుగులో పడేసింది.

"అది లేకుండా ఎట్టా అక్కా?"

"ఆల్ట్ నొక్కు. మెనూ పేర్లలో ఒక్కో అక్షరం కింద గీత ఉండాది చూడు. ఆల్ట్‌తో పాటు ఆ అక్షరం నొక్కితే మెనూ తెరుచుకోవాల. తెరుచుకోలేదా, రాసినోళ్ళకి పని రాదని అర్థం."

అక్క వాళ్ళ నాయన ఊళ్ళో ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు. పని అయ్యాక గిన్నె లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసేవాడట. కంటికి తళతళలాడినా వేలికి గరుకు తగిలితే మళ్ళీ పొయ్యి మీద పెట్టేవాడట. మా ప్రోగ్రాంలని అక్క అలాగే చూసేది. రంగులు బాగున్నాయని ఒక్కసారి కూడా అనలేదు. నాకు ఒళ్ళు మండేది.

ఆ మంటతోనే కావచ్చు, రెండో ఏడాది కృష్ణపట్నం దగ్గరి ఒక బొగ్గు యార్డుకి కొత్త ప్రోగ్రాం రాసే పని నా చేతికి వచ్చినప్పుడు నా ఇష్టం వచ్చినట్టు రాశాను. పాత మెనూలు తీసేసి వాటి చోట బొమ్మలు పెట్టాను. లారీ బొమ్మ నొక్కితే తూకం, కాగితం బొమ్మ నొక్కితే రసీదు. అన్నీ మౌస్‌తోనే. ఆ వారం అక్క జ్వరంతో పడుకుంది. ఆమె చూడకుండానే ప్రోగ్రాం యార్డుకి పంపేశాను.

ఆ యార్డు కాటా గదిలో పెంచలయ్య కూర్చునేవాడు. ఒకప్పుడు లారీ వెనక డోరు పడి ఆయన కుడిచేతి వేళ్ళు మూడు నలిగిపోయాయి. ఎడమచేత్తో కీబోర్డు మీద ఎనిమిదేళ్ళుగా లారీలు తూస్తున్నాడు. నా ప్రోగ్రాం పెట్టిన రోజు ఆయన ఎడమచేత్తో మౌస్ పట్టుకుంటే బాణం తెరంతా తిరిగింది గానీ బొమ్మ మీద నిలవలేదు. లారీలు గేటు దాకా ఆగిపోయాయి. జ్వరం తగ్గీ తగ్గకముందే అక్క నన్ను వెంటబెట్టుకుని యార్డుకి వచ్చింది. అప్పటికే యార్డు మేనేజరు కాటా గదిలో నిలబడి ఉన్నాడు.

"ప్రోగ్రాం బ్రహ్మాండంగా ఉంది మేడమ్. మనిషిని మార్చుకుంటాం లెండి. మౌస్ పట్టుకోలేనోడు ఈ రోజుల్లో ఎందుకు?" పెంచలయ్య పక్కనే ఉండగా అన్నాడు ఆ మాట.

"మనిషి బాగానే ఉన్నాడు సార్. చెడగొట్టింది మేము," అంది అక్క. "సరిచేసి తెస్తాం. అందాక మీ పాత ప్రోగ్రాం నడపండి."

"వారం చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే వేరే మనిషి, వేరే కంపెనీ."

"అట్టనే చూడండి."

తిరుగు బస్సులో నేను, "పాపం అక్కా, ఆయన కోసం ఏదో ఒకటి చేద్దాం," అన్నాను. అక్క నా వైపు తిరిగిన తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

"పాపం అనబాక. ఆయన వేళ్ళు డోరు పడి పోయినాయి. ఉద్యోగం మాత్రం నీ ప్రోగ్రాం వల్ల పోతాది. తప్పు నువ్వు చేసి జాలి ఆయన మీద పడతావా?"

సిగ్గుతో తల కిటికీ వైపు తిప్పుకున్నాను. వారం రోజులు కూర్చుని ప్రతి పనికీ మెనూ, ప్రతి మెనూకీ అక్షరం పెట్టాను. అయిపోయిందని చూపిస్తే అక్క నాలుగు కీలు నొక్కి ఆగింది. రసీదుకీ రద్దుకీ ఒకే అక్షరం ఇచ్చాను. నొక్కినప్పుడల్లా గుర్తు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుతోంది తప్ప ఏదీ తెరుచుకోవడం లేదు. "ఇంగొక్కసారి మొదట్నించి చూసుకో," అని వెళ్ళిపోయింది. చూసుకున్నాను.

గడువు రోజు కాటా గదిలో మేనేజరు మాకు పాఠం చెప్పాలనుకున్నాడు కాబోలు, తానే కుర్చీలో కూర్చున్నాడు. కంప్యూటర్‌లో ఇంకా ఉన్న నా బొమ్మల ప్రోగ్రాం తెరిచి, "ఇదిగో, రెండు నొక్కులతో అయిపోద్ది," అని మౌస్ పట్టుకున్నాడు. కళ్ళు తెరకి అతుక్కుపోయాయి. తూకం పడింది. రసీదు బొమ్మ నొక్కబోతుంటే కిటికీ దగ్గర్నించి పెంచలయ్య అన్నాడు.

"సార్, వెనక చక్రం కాటా మీదికి ఎక్కలా."

నిజంగానే ఎక్కలేదు, తూకం తక్కువ పడింది. డ్రైవరు నవ్వుతూ బండి ముందుకు తీశాడు. మేనేజరు లేచాడు. పెంచలయ్య కూర్చుని ముఖం కిటికీ వైపు తిప్పి, ఎడమచేత్తో మా కొత్త మెనూలు తెరిచాడు. వరసగా లారీలు తూచాడు. తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"నేను తెర చూస్తా కూచుంటే బయట ఎవురు చూస్తారు సార్," అన్నాడు మెల్లిగా.

పెంచలయ్య ఉద్యోగం నిలిచింది. ఆ యార్డులోని మిగతా కాటాల పని మాత్రం వేరే కంపెనీకి పోయింది. మాట పడనివాళ్ళతో పని ఎందుకని మేనేజరు అనుకుని ఉంటాడు. నేను బాధపడుతుంటే అక్క, "పోతే పోనీలే. గమ్మున ఉండు," అని టీ తెప్పించింది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆఫీసు ఈడ్చుకొచ్చింది. అక్క ఇప్పుడు లేదు. కబురు తెలిసిన రోజు నేను అప్పటికి ఉద్యోగం చేస్తున్న తడ నుంచి బస్సులో నెల్లూరు దాకా ఏడుస్తూనే వెళ్ళాను.

ఇప్పుడు నేను పనిచేసే చోట ప్రోగ్రాం బయటికి వెళ్ళాలంటే నా సంతకం కావాలి. నిన్న గోడౌన్లకి వెళ్ళాల్సిన కొత్తది తెచ్చారు. ఆల్ట్ నొక్కాను. ఏమీ కదల్లేదు.

"కీబోర్డుతో మెనూలు తెరిచేవాళ్ళు ఎంతమంది ఉంటారు మేడమ్?" అన్నాడు రాసినతను.

"ఒకరు."

"ఎవరు?"

"తెలీదు. తెలియాల్సిన పనీ లేదు."

సాయంత్రం పైనుంచి ఫోను వచ్చింది. గడువు దాటిపోతోందట, చిన్న విషయానికి పట్టుదల ఎందుకట. ఒకరి బతుకుతెరువు నాకు చిన్న విషయం కాదని చెప్పాను. సంతకం వేరే ఎవరి చేతైనా పెట్టించుకోమన్నాను. పొద్దున మళ్ళీ అడిగారు. కాగితం ఇంకా నా టేబుల్ మీదే ఉంది, సంతకం లేకుండా.