నల్లుల ఇంటిపేరు

మా వార్డెన్ ఎలిజబెత్ అక్కకు కోపం రాని రోజు లేదు. మనిషి మంచిదే. అన్నం తినకుండా ఆఫీసుకు పరుగెత్తే పిల్లని గేటు దగ్గర ఆపి మరీ అరటిపండు చేతిలో పెడుతుంది. కానీ పెట్టేటప్పుడు కూడా తిడుతూనే పెడుతుంది. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో సందు చివర ఉన్న ఈ లేడీస్ హాస్టల్‌లో నేను వంట చేస్తాను, మిగతావన్నీ అక్క చూసుకుంటుంది. గీజరు పనిచేయకపోతే అక్క, వైఫై రాకపోతే అక్క. ఇడ్లీ గట్టిగా వస్తే తప్పు నాది, మాట పడేది అక్క.

అక్కది రేపల్లె వైపు. భర్త ప్రభుదాస్ గారు పోయాక కూకట్‌పల్లిలో ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇక్కడ చేరింది. కింద మెట్ల పక్క గది తనకిచ్చారు. ఉద్యోగం పోతే గది కూడా పోతుంది, వేరే దారి లేదు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న సామానులో చెప్పుకోదగ్గది టేకు మంచం ఒక్కటే. ఆ మంచం మీదకే వచ్చింది గొడవంతా.

గొడవ నల్లుల గురించి. ఐటీ కంపెనీల చుట్టూ ఉన్న హాస్టళ్లలో నల్లులు లేని హాస్టల్ ఉందంటే నేను నమ్మను. పిల్లలు బ్యాగులతో ఊళ్లకు పోతారు, వస్తారు, ఒక హాస్టల్ వదిలి ఇంకో హాస్టల్లో చేరతారు. వాళ్లతో పాటు అవీ తిరుగుతాయి. మా దగ్గర బాగా ఎక్కువయ్యేసరికి అక్క ఓనర్ బాలనర్సయ్య సార్‌కు ఫోన్ చేసింది.

"సార్, పైన నల్లులు బాగా ఎక్కువయ్యాయండి. ఎవరినైనా పంపండి."

"సరే, పంపిస్త."

సాయంత్రానికి సంచీ భుజాన వేసుకుని ప్లంబర్ దిగాడు. అక్క వాళ్ల వైపు పంపును కుళాయి అంటారు. సార్ ఈ మాదాపూర్ ఊరుగా ఉన్నప్పటి నుంచి ఇక్కడి మనిషి, ఆయనకది నల్లా. నల్లులంటే ఆయన చెవికి నల్లాలు అని వినపడింది.

"నల్లాలు కాదు సార్, నల్లులు! మంచాల్లో ఉండేవి!" అక్క ఫోన్లో అరిచింది.

"మంచాలల్ల నల్లాలేంది?"

"రక్తం తాగేవండీ బాబూ!"

అప్పటికి అర్థమైంది ఆయనకు. నెలనెలా మందు కొట్టే మనిషిని పెట్టాడు. అతను వచ్చి మూలమూలా కొట్టేవాడు. మేము దగ్గుకుంటూ బయట నిలబడేవాళ్లం. రెండు రోజులు కనపడకుండా పోయి మళ్లీ వచ్చేవి. అక్క పరుపులు ఎండలో వేసింది, కిరోసిన్ పూసింది, ఆదివారం చర్చిలో వాటి గురించి ప్రార్థన కూడా చేయించింది. పాస్టరు గారు నవ్వాపుకుని చేశారట.

ఇంతలో రెండో అంతస్తులో ఉండే తేజస్విని, మంచం కోడు మీద నల్లులు బారులు తీరిన ఫొటో తీసి హాస్టల్ పేరుతో నెట్‌లో పెట్టింది. కొత్తవాళ్లు రావడం మానేశారు. సార్ కారు దిగడమే ఎర్రగా దిగాడు. నేరుగా అక్క గదిలోకి పోయి టేకు మంచం చూశాడు.

"గీ పాత మంచంలకెళ్లే వచ్చినయ్ అన్నీ. నేను ముందే అనుకున్న."

"ఇది మా ఆయన చేయించిన మంచమండి. నేను వచ్చినప్పుడు ఇందులో ఒక్కటీ లేదు."

"ఇప్పుడున్నయా లేవా?"

అక్క దుప్పటి అంచును మంచం కోడు మీదకు లాగింది. ఉన్నాయి మరి.

"నెలాఖరు దాంక చూస్త. నల్లులన్నా పోవాలె, నువ్వన్నా పోవాలె. మియాపూర్ల ఒకామె వస్త అంటున్నది వార్డెన్ పనికి."

ఆయన వెళ్లాక అక్క నా వంటగదిలోకి వచ్చి పీట మీద కూలబడింది. "సీతా, ఈ వయసులో నన్ను నల్లి ఇంటి నుంచి గెంటేయిస్తుందే!" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఆ మాట ప్లేటు పట్టుకుని నిలబడ్డ కృష్ణప్రియ వింది. మూడో అంతస్తు పిల్ల, వరంగల్ దగ్గర మిరప పండించే ఇల్లు. ఇక్కడ ఏదో కంపెనీలో పురుగుల మీద పని. పొలాల్లో పడే పురుగు ఏ దేశం నుంచి వచ్చింది, మందుకు ఎందుకు చావట్లేదు అని దాని ఒంట్లో ఉన్న జన్యువులు చదివి కనిపెడతారట. ఈ మధ్య వాళ్ల ఆఫీసులోనే హాస్టళ్ల నల్లుల పని కూడా మొదలుపెట్టారు. చుట్టుపక్కల చాలా హాస్టళ్ల నుంచి నల్లుల్ని పట్టి తెచ్చుకున్నారు.

"ఆంటీ, మన హాస్టల్‌వి గూడ ఇయ్యండి. ఎక్కడికెళ్లి వచ్చినయో చెప్తం."

"నల్లుల్ని చదువుతారా! నన్ను పదో తరగతి చదివించే దిక్కు లేకపోయింది."

"మనకు తాత ముక్కు, నాయినమ్మ రంగు వస్తయి గదా ఆంటీ. వాటికీ గంతే. ఏది ఎవరి పిల్లనో దాని ఒంట్లనే రాసి ఉంటది. దగ్గరి చుట్టాలు ఎవరో, దూరం వాళ్లు ఎవరో తెలుస్తది."

మర్నాడు గదికొకటి చొప్పున చిటికెన వేలంత డబ్బాలు తెచ్చిచ్చింది. లోపల ఏదో స్పిరిట్, మీద గది నంబరు. ఏ గది నల్లులు ఆ డబ్బాలోనే వేయాలని చెప్పి ఆఫీసుకు పోయింది.

అక్క టార్చి పట్టుకుని తలుపులు తట్టింది. ఒక్క పిల్లా ఒప్పుకోలేదు. "మా రూంలో లేవాంటీ, పక్క రూంలో చూడండి" అని అందరిదీ ఒకటే పాట. చేతుల మీద దద్దుర్లు కనపడుతున్నా దోమలంటారు. ఒప్పుకుంటే ఆ గదికి నల్లుల రూం అని పేరు పడుతుంది, ఆ మంచం మీద ఎవరూ కూర్చోరు, ఆ పిల్ల చున్నీ ఎవరూ అడగరు. అదీ వాళ్ల భయం.

అక్క విసుగొచ్చి కిందకు దిగింది. ఆ తర్వాత ఏం చేసిందో నాకు కూడా చెప్పలేదు. సాయంత్రానికి డబ్బాలన్నీ నిండి ఉన్నాయి.

కొన్నాళ్లకు కృష్ణప్రియ లాప్‌టాప్ పట్టుకుని డైనింగు హాల్లో కూర్చుంది. సార్ కూడా వచ్చాడు, అక్కను పంపేముందు చివరి మాట విందామని.

"అన్ని రూములవీ ఒక్క తల్లి పిల్లలే సార్," అంది కృష్ణప్రియ. చెబుతుంటే దాని మొహంలోనే అనుమానం ఉంది.

"చూసినవా!" సార్ బల్ల మీద చరిచాడు. "ఒక్క ఖాందాన్, ఒక్క మంచం! మెషిన్ గూడ నా మాటే చెప్పింది."

"కానీ సార్, గింత దగ్గరి చుట్టరికం నేను యాడా చూడలే. నాలుగు అంతస్తులు పాకినయంటే కొంతన్నా తేడా రావాలె..."

అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. ఊరుకుంటే మంచం దోషి. నోరు విప్పితే తను మోసం చేసినట్టు. చివరికి విప్పింది.

"అన్నీ నా మంచంలోవేనమ్మా. పిల్లలు తలుపు తీయలేదు. నల్లి నల్లే కదా, ఏ గదిదైతే ఏముందిలే అనుకున్నా. మంచం కింద ఒక్క చోటే గుంపుగా దొరికితే అన్ని డబ్బాల్లోనూ పంచేశా."

కృష్ణప్రియ తల పట్టుకుంది. "ఏందాంటీ ఇది! నిన్నటిదాంక వాటి ముందే కూసున్న. మా ఆఫీసుల సార్ నన్ను సంపుతడు! నంబర్లు ఎందుకు రాసిచ్చిననుకున్నరు?"

"నాకేం తెలుసే తల్లీ, గదికి కొన్ని కావాలి కాబోలు అనుకున్నా!"

"ఇగ చాలు," సార్ లేచాడు. "దొంగ లెక్క. ఎలిజబెతమ్మా, సామాన్ సదురుకో."

"నెలాఖరు దాంక టైం ఇచ్చిన్రు గద సార్," కృష్ణప్రియ అడ్డం పడింది. దానికి అక్క మీద కోపమే, కానీ సగంలో వదిలేసిన పని మీద ఇంకా ఎక్కువ కోపం. "ఇంకొక్కపారి చేస్త. ఈసారి నేనే పడత."

సార్ గొణుక్కుంటూ పోయాడు.

తెల్లారి టిఫిన్ దగ్గర అందరూ క్యూలో ఉండగా అక్క నా ఇడ్లీ గిన్నె పక్కన నిలబడి గరిటెతో మూత మీద టంగున కొట్టింది.

"అందరూ వినండి. నా మంచంలో నల్లులున్నాయి. గుంపులు గుంపులుగా ఉన్నాయి. వార్డెన్ మంచంలోనే ఉన్నాక మీకేం సిగ్గే? ఉన్నవాళ్లు చెప్పండి, లేకపోతే రేపటి నుంచి నేనుండను. మియాపూర్ నుంచి ఎవరో వస్తుంది, ఆవిడకు చెప్పుకోండి."

 అప్పుడు తేజస్విని చేయి ఎత్తింది. "మా రూంలో ఉన్నాయాంటీ. నెట్‌లో పెట్టిందీ నేనే. కానీ ఫొటోలో మంచం నాది కాదు, సరితది."

"నా మంచమా!" దాని గదిలోనే ఉండే సరిత చట్నీ గిన్నె వదిలేసి వచ్చింది. "నా మంచం ప్రపంచమంతా చూసిందా! మరి నీ దిండు కింద ఉన్నవేంటే?"

ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. మా గదిలో గోడ పగుల్లో అని ఒకరు, స్విచ్ బోర్డు వెనక అని ఇంకొకరు, మాకే ఎక్కువంటే మాకే ఎక్కువని పోటీ. సాయంత్రం కృష్ణప్రియ గది గదికీ తిరిగి తనే పట్టుకుంది. అక్క టార్చి పట్టుకుని వెనకే ఉంది. డబ్బా ముట్టుకుంటే ఊరుకోనని ముందే చెప్పింది ఆ పిల్ల.

రెండోసారి కృష్ణప్రియ లాప్‌టాప్ తెరిచినప్పుడు సార్‌తో పాటు మేమందరం చుట్టూ మూగాం.

"మొదటి ముచ్చట. మన హాస్టల్ల ఉన్నయన్నీ మందుకు అలవాటు పడ్డ రకం. మందు వాటి నరాల మీద ఎక్కడ పట్టాలెనో ఆ జాగనే మారిపోయింది. కొట్టినప్పుడల్లా చావనివి మిగిలినయి, ఇప్పుడున్నయి వాటి పిల్లలే."

"అంటే నెలనెలా మందు కొట్టించి గట్టివాటిని ఏరి పెంచింది నేనా?" అక్క నోరు తెరిచింది.

"మీరొక్కరే గాదాంటీ, హాస్టళ్లన్నీ. రెండో ముచ్చట. ఇవి గచ్చిబౌలిల ఒక బాయ్స్ హాస్టల్ నల్లులకు చుట్టాలు. ఆడ రకరకాల కుటుంబాలున్నయి. ఈడ వాటిల కొన్నే ఉన్నయి. ఆడికెళ్లి కొన్ని వచ్చి ఈడ పెరిగినయన్నట్టు. ఆంటీ మంచంలవి గూడ ఆ కొన్నిట్లవే."

"నల్లులకు గూడ ఇంటిపేర్లుంటయా?" సార్ నవ్వబోయాడు. "ఏ హాస్టల్ అది?"

కృష్ణప్రియ పేరు చెప్పింది. అది సార్‌దే.

నాకు ఒక్కసారిగా ట్రాలీ ఆటో కళ్ల ముందు కనపడింది. ఇక్కడ కొత్త పిల్ల చేరితే అక్కడి నుంచి పరుపు వస్తుంది, అక్కడ కుర్రాడు చేరితే ఇక్కడి నుంచి పోతుంది. కొత్త పరుపు కొనడం సార్‌కు ఇష్టం లేదు. ఎన్నిసార్లు గేటు తీశానో నేనే. అక్క కూడా ఆయన వైపే చూస్తోంది.

సార్ మెడ గోక్కున్నాడు. "ఇగ ఏం జేద్దాం మరి?"

"మందు బంద్ పెట్టండి. వేడికి ఏ రకమైనా చస్తది. ఆవిరి కొట్టే మెషిన్ కిరాయికి తెచ్చి మంచాలకు, పగుళ్లకు కొట్టాలె. బట్టలు వేడి నీళ్లల్ల ఉతకాలె. ఒక్కపారితో పోవు. పరుపులు మాత్రం ఇగ తిప్పొద్దు."

సారీ అన్న మాట ఆయన నోట రాలేదు. "మియాపూర్ ఆమెకు వద్దని చెప్త తీ" అన్నాడు, అంతే. మెషిన్ పంపాడు. టేకు మంచాన్ని అక్క తనే విడగొట్టి, కీలు కీలుకీ ఆవిరి పట్టి, ప్రతి సందునూ తిట్టి మళ్లీ బిగించుకుంది. తగ్గాయి. పూర్తిగా పోయాయని చెప్పను.

మొన్న మధ్యాహ్నం అక్క నా దగ్గర కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తుంటే సార్ ఫోన్ వచ్చింది. స్పీకరు పెట్టింది. గొంతు చాలా తగ్గించి మాట్లాడుతున్నాడు. పాత పరుపులన్నీ ఆయన వాళ్ల ఇంట్లోనే కింద గదిలో దాచేవాడు మరి.

"ఎలిజబెతమ్మా, జర ఆ మెషిన్ తీస్కొని మా ఇంటికి రా. ఎవ్వరికి చెప్పకు. మా ఇంట్ల గూడ... నల్లులు."

అక్క బీన్స్ పక్కన పెట్టింది.

"ఏంటండీ? సరిగా వినపడట్లేదు. నల్లాలా? ప్లంబర్ని పంపమంటారా సార్?"