లెక్కలో లేని పానా

యిర్మియాకు యాభై ఏడేళ్లు. గోదావరిఖని బొగ్గుబాయిలో పంపుల ఫిట్టరుగా ముప్పై ఏళ్ల సర్వీసు. మనిషి వెన్నపూస. ఒక్కటే తంటా, సంతోషం వస్తే పట్టలేడు. ఆ సమయంలో చేతులు ఊరుకోవు, ఎదురుగా ఏముంటే అది విప్పేస్తాడు. పెళ్లి కుదిరిన సాయంత్రం కొత్త సైకిలును చక్రాలతో సహా విప్పి మళ్లీ బిగించాడు. ఒక్కగానొక్క బిడ్డ గ్లోరియా పుట్టిన రోజున, దవాఖానలో ఉయ్యాల కిర్రుమంటోందని దాని బోల్టులన్నీ ఊడదీసి నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలయ్యా అని నర్సమ్మ చీవాట్లు పెడితే తప్ప లేవలేదు.

అలాంటివాడి కూతురు ఇంటర్ పాసై, విమానాలు బాగుచేసే చదువు చదువుతానంది. అలాంటి చదువొకటి ఉందని కాలనీలో ఎవరికీ తెలియదు. ఆడపిల్లకు గ్రీజు పనేమిటని తల్లి సుసన్నా రెండు రోజులు మాట్లాడలేదు. యిర్మియా మాత్రం ఆ సంతోషంలో ఇంటి ఫ్యాను విప్పాడు. నాలుగేళ్లు చదువు, పరీక్ష వెనక పరీక్ష, ఆ తర్వాత హైదరాబాదులో విమానాశ్రయం పక్కనున్న ఒక హ్యాంగర్లో ఉద్యోగం. హ్యాంగరంటే ఊరంత షెడ్డు. విమానాన్ని లోపలికి తెచ్చి, దాని పొట్ట తెరిచి, ఒక్కో భాగం పరీక్షించి పంపుతారు. గ్లోరియాకు ఆరు నెలలు పరీక్షాకాలం. అది పూర్తయ్యాక అక్కడి ఇన్స్పెక్టరు భూపాల్ సారు మంచి మాట రాస్తే పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

ఈ ఆరు నెలలూ యిర్మియా కాళ్లు నేల మీద ఉన్న పాపాన పోలేదు. కూరగాయలు కొంటూ కొంటూ, మా బిడ్డ పొద్దున బిగిస్తే ఆ విమానం పగటాల్లకు ఢిల్లీలో దిగుతుందని బేరం మధ్యలో చెప్పేవాడు. అమ్మే ఆవిడ వంకాయలు తూచడం మాని నోరు తెరిచేది.

ఐదో నెల గడిచాక గ్లోరియా సొంతానికి కొత్త పనిముట్ల డబ్బా కొనుక్కుని, ఆదివారం సెలవుకు ఇంటికి తెచ్చింది. నలభై రెండు పనిముట్లు. ఒక్కోదాని మీద తన నంబరు జీ-27 చెక్కించాలి. ఆ పని బాపు కంటే బాగా ఎవరు చేస్తారు? డబ్బాలో మందపాటి స్పాంజి ఉంది. అందులో ప్రతి పానాకు, ప్రతి స్క్రూడ్రైవరుకు దాని ఆకారంలోనే గుంట కోసి ఉంది. గుంట ఖాళీగా కనిపిస్తే అది ఎక్కడో ఉండిపోయిందని అర్థం. పని మొదలుపెట్టే ముందు లెక్క, ముగించాక లెక్క, చేతిలో లిస్టు. ఇంజన్లో చిన్న పానా మరిచిపోయినా అది గాల్లో ఇంజన్ను నమిలేస్తుందని గ్లోరియా చెప్పింది. అందుకే లెక్క కుదరని రోజున విమానం కదలదట.

యిర్మియా చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, ఇనుప దిమ్మె ముందు కూర్చున్నాడు. సాయంత్రానికల్లా నలభై రెండింటి మీద ముత్యాల్లాంటి అక్షరాలు పడ్డాయి. అక్కడితో లేచి చేతులు కడుక్కుంటే ఈ కథే లేదు. సంతోషం పొంగింది. చేతులు ఊరుకోలేదు.

అతని దగ్గర ఒక పొట్టి పానా ఉంది. కుర్రతనంలో పాత లారీ స్ప్రింగు పట్టీని కోసి, వంచి, అరగదీసి సొంతంగా చేసుకున్నాడు. చెయ్యి దూరని సందులో దాక్కున్న నట్టునైనా అది బయటికి లాక్కొస్తుంది. ఇన్నేళ్లుగా దాన్ని ఎవరికీ అరువివ్వలేదు. అది లేకుండా బిడ్డ అంత పెద్ద విమానంతో ఎలా వేగుతుందా అని అతనికి దిగులు పట్టుకుంది. రూలు రూలే కాబట్టి దాని మీద కూడా బుద్ధిగా జీ-27 అని కొట్టాడు. గ్లోరియా తల్లితో వంటింట్లో ఉండగా అడుగు స్పాంజి ఎత్తి దాని కిందకు తోశాడు. ఎప్పుడో కనపడితే బాపు గుర్తొచ్చి నవ్వుకుంటుందని తానే ముందుగా నవ్వుకున్నాడు.

నాలుగో రోజు, గురువారం, యిర్మియాకు మొదటి షిఫ్టు. బాయి లోపల నీళ్లు తోడే పంపు ఒకటి మొరాయిస్తే దాన్ని విప్పి బాగుచేసి, మూత బిగించి, ఆఖరి నట్టు మీద చెయ్యి వేశాడు. అప్పుడే పంపు నడిపే మొగిలి ఫోను దగ్గర్నుంచి బురద చిమ్ముకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"యిర్మియన్నా, జల్ది రా. నీ బిడ్డ విమానాన్ని ఆపిందంట. పైన ఫోను గదికెల్లి రఘుపతి చేసిండు."

యిర్మియా గుండె జారి గమ్‌బూట్లలో పడింది. విమానం ఎలా ఆపింది, చేత్తోనా? ముప్పై ఏళ్లలో బాయిలో అంత వేగంగా అతను నడిచింది లేదు.

బాయిలోకి సెల్‌ఫోన్లు తేకూడదు. లోపల ఉన్నవి చెయ్యితో తిప్పే పాతకాలం ఫోన్లే, అన్నీ ఒకే తీగ మీద. గ్లోరియా తల్లికి చేసింది, సుసన్నా బాయి మీది ఫోను గదికి చేసింది, అక్కడ కూర్చునే రఘుపతి గ్లోరియా నంబరు కలిపి, తన సెల్లును బాయి ఫోను మూతికి ఆనించి పట్టుకున్నాడు. అలా హైదరాబాదు హ్యాంగరు భూమి అడుగుకు వచ్చింది. ఒకే తీగ కదా, వార్త తెలిసి మిగతా చోట్ల కూడా ఒక్కొక్కరే ఫోనెత్తి చెవులప్పగించారు.

"యిర్మియా గారూ, నేను భూపాల్‌ను, ఇన్స్పెక్టర్‌ను. గ్లోరియా డబ్బల ఒక పానా ఎక్కువున్నది. లిస్టుల లేదు, నంబరేమో ఆమెదే. మీకేమన్న తెలుసా?"

తక్కువుంటే భయపడాలి గానీ ఎక్కువుంటే నష్టమేంటని మనబోటివాళ్లకు అనిపిస్తుంది. యిర్మియాకూ మొదట అలాగే అనిపించింది. భూపాల్ సారు ఓపిగ్గా చెప్పాడు. నంబరున్న పనిముట్టు లిస్టులో లేదంటే లిస్టు తప్పు. ఒకటి తప్పిన లిస్టులో ఇంకోటి తప్పలేదని ఎవరు చెప్పాలి? ఆ ఇంకోటి ఇంజన్లో లేదని ఎవరు పూచీ పడాలి? సాయంత్రం ఆ విమానంలో నూట ఎనభై మంది ఎక్కాలి. పెట్టినవాళ్లు తమ నోటితో చెప్పేదాకా అది హ్యాంగరు దాటదు.

"నేనే పెట్టిన సార్. పొట్టి పానా. మెడ కాడ వంకరుంటది, నేనే వంచిన. స్పాంజి కింద పెట్టిన."

"ఇంకేమన్న పెట్టిండ్రా?"



పెట్టాడు. పానాకు తోడుగా ఒక కాగితం మడిచి పెట్టాడు. ఇప్పుడది చెబితే ఒక తప్పు రెండవుతుంది, బిడ్డ ఉద్యోగం ఇక్కడే, ఈ తీగ మీదే ఊడిపోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చిన్న కాగితం, ఏం చేస్తుంది? కానీ అది జారి ఎక్కడికి పోయిందో? నూట ఎనభై మంది అని ఆ సారు ఇప్పుడే కదా అన్నాడు.

"ఒక కాయితం సార్," అన్నాడు. "మడిచి పెట్టిన."

అవతల స్పాంజి పీకుతున్న చప్పుడు, ఎవరో ఏదో అనడం. చాలాసేపటికి భూపాల్ సారు మళ్లీ వచ్చాడు. కాగితం స్పాంజికి అంటుకుని దొరికింది, కానీ అది ఇతను పెట్టినదేనని తేలాలి కాబట్టి అందులో ఏం రాసి ఉందో చెప్పమన్నాడు.

యిర్మియా మొగిలి వైపు చూశాడు. తీగ మీద ఎంతమంది ఊపిరి బిగబట్టి ఉన్నారో కూడా అతనికి తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాడు. గోడ వైపు తిరిగి, చిన్నగా చెప్పాడు.

"ప్రభువా, మా గ్లోరియ బిగించిన బోల్టు ఒక్కటి సుత ఊడద్దు. ఆ విమానం ఎక్కినోళ్లందరు వాళ్ల వాళ్ల ఇండ్లకు చేరాలె."

పక్కనే ఉన్న మొగిలి, జన్మలో చర్చి గడప తొక్కనివాడు, ఆమెన్ అన్నాడు. ఆ వెంటనే తీగ మీద బాయి ఆ మూల నుంచి ఒక ఆమెన్, ఈ మూల నుంచి ఒక ఆమెన్, పై నుంచి రఘుపతి దగ్గుతూ ఇంకో ఆమెన్.

పానా కుదిరింది, కాగితం కుదిరింది, విమానాన్ని వదులుతున్నానన్నాడు భూపాల్ సారు. యిర్మియా బతిమాలాడు, తప్పు తనదనీ, పిల్లకేం తెలియదనీ, ఆమె ఉద్యోగం మీద దెబ్బ కొట్టొద్దనీ.

"మీ అమ్మాయి షిఫ్టు అయిపోయింది, నలభై రెండు లెక్క సరిపోయింది," అన్నాడు భూపాల్ సారు. "డబ్బల నూనె పడితే తుడుద్దామని స్పాంజి ఎత్తింది, అప్పుడు ఈ పానా కండ్ల పడ్డది. చుట్టుపక్కల ఎవ్వరు లేరు. జేబుల ఏసుకొని ఇంటికి పోవచ్చు. పోలే. వచ్చి నా ముంగట పెట్టింది, విమానాన్ని ఆపున్రి అన్నది. నేను ఇంకేం పరీక్ష పెట్టాలె ఆమెకు? పర్మనెంటు కాయితం మీద సంతకం రేపు పొద్దుగాల చేస్త."

ఆ మాట చెవిన పడగానే యిర్మియా చెయ్యి ఫోను పెట్టె మరల మీదికి పోయింది. మొగిలి పట్టి ఆపకపోతే దాన్ని కూడా విప్పేసేవాడు. తర్వాత గ్లోరియా గొంతు వచ్చింది.

"బాపూ."

"ఆఁ బిడ్డా."

"ఇంకొక్కసారి నా డబ్బ ముట్టకు."

"ముట్ట బిడ్డా. ఒట్టు."

గ్లోరియా పకపకా నవ్వింది. యిర్మియా ఏడుస్తూ నవ్వాడు. తీగ మీద ఎంతమంది నవ్వారో లెక్క లేదు. చివరికి సూపర్వైజరు ఎవరో గట్టిగా, ఫోన్లు పెట్టి పనుల మీదికి పొండిరా అని కసిరాడు, అతని గొంతులోనూ నవ్వే.

ఇద్దరూ తిరిగి పంపు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు చీలమండలు దాటాయి. ఆఖరి నట్టు బిగియగానే మొగిలి తొందరగా స్విచ్చి మీద చెయ్యి వేశాడు. యిర్మియా ఆగమని, తన సంచి బోర్లించి, బురద చేతులతో పానాలను ఒక్కొక్కటే చెక్క మీద పేర్చాడు. పొట్టి పానా పోను అతని సంచిలో తొమ్మిది ఉండాలి. ఎనిమిదే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు. ఎనిమిదే.

"మొగిలీ, చెయ్యి తియ్యి. మూత ఇప్పుదాం."

"ఏందే అన్నా, నీళ్లు ఎక్కుతున్నయ్. ఏడ్నో పడి ఉంటది, రేపు దొరుకుతది తియ్యి. ముప్పై ఏండ్ల సంది ఏనాడన్న లెక్కపెట్టినవా?"

"పెట్టలే," అన్నాడు యిర్మియా, మూత మీది మొదటి నట్టు వదులు చేస్తూ. "నా బిడ్డ విమానాన్నే ఆపింది. నేను పంపు ఆపలేనా?"