ఆర్డిస్ కోసం కోసిన మూడంగుళాలు

మా జూడిత్ లోయలో స్కూలు బస్సు నడిపే ఆర్డిస్ అంటే పిల్లలకు హడల్, పెద్దలకు గౌరవం. మొగుడు పోయాక పన్నెండేళ్ళుగా ఏటా ఒక జింకను తానే కొట్టి, తానే కోసి, చలికాలమంతా ఆ మాంసంతోనే గడుపుకొచ్చింది. గుర్రం పడేసి కుడి భుజం విరిగాక రైఫిలు భుజానికి ఆనించాలంటే ప్రాణం పోయేంత నొప్పి. అయినా పోయినేడు మొండికేసి వెళ్ళింది. నొప్పికి జడిసి చెయ్యి అదిరింది, గుండు జింక పొట్టలో తగిలింది. రెండు రోజులు నెత్తుటి జాడ వెతికినా అది దొరకలేదు. ఆ సంగతి చెబుతున్నంతసేపూ ఆమె నా మొహంలోకి చూడలేదు.

"ఇంకొక్క జంతువు అట్లా నా చేతిలో నరకయాతన పడిందా, మెర్ల్, ఇక జన్మలో తుపాకీ ముట్టను," అంది.

నేను తుపాకులు బాగుచేసేవాణ్ణి. రైఫిలు తూటానే పేల్చే ఒంటి గుండు పిస్తోలు ఒకటి చూపించాను. భుజానికి ఆనించే పనే లేదు, నేల మీద కూర్చుని చేతులు మోకాళ్ళకు ఆనించి కొట్టొచ్చు. గొట్టం పదిహేను అంగుళాలు.

ఆమె ఎత్తి చూసి, "గొట్టం బరువు ముందుకు లాగేస్తోంది. పన్నెండు అంగుళాలకి కోసెయ్," అంది.

"గొట్టమేమన్నా జుట్టా, మళ్ళీ పెరగడానికి? కోసేకొద్దీ గుండు వేగం తగ్గుద్ది. దీంతో రెండొందల గజాల్లో ఉన్నదాన్ని పడగొట్టొచ్చు, తెలుసా!"

"రెండొందల గజాల్లో కొట్టేదెవరు, మీ నాన్నా?"

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్న నాకు బస్సు తోలే మనిషి పాఠం చెప్పడమా? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కోయకుండానే ఇచ్చి పంపాను.

వేటకు అనుమతి ఐదు వారాలే. ఆఖరి శనివారం పొద్దున్నే ఆర్డిస్ వచ్చి పిస్తోలు నా బల్ల మీద పెట్టింది. ముందురోజు ఎనభై గజాల్లో మగజింక పక్కకు తిరిగి నిలబడిందట. గురిపెట్టి ఆరు లెక్కపెట్టేలోపే భుజం సలిపి గొట్టం మూతి కిందికి వాలిపోయిందట. మూడుసార్లు ఎత్తి, తూటా తీసేసి ఇంటికొచ్చేసింది.

"అంత దగ్గర్లో ఉంటే కొట్టలేదా?" అన్నాను.

"చెయ్యి వణుకుతుంటే ఎట్లా కొడతానయ్యా? రేపటితో ఆఖరు. కోస్తావా, ఇంకొకడి దగ్గరికి పోనా?"

దుకాణం వెనక కంచెకు కాగితం పళ్ళెం తగిలించి, ఖాళీ పిస్తోలు ఆమెకిచ్చి గురిపెట్టమన్నాను. గొట్టం మూతి గింగిరాలు తిరుగుతోంది. ఈ పరీక్ష నెల కిందటే పెట్టాల్సింది. ఇన్నాళ్ళూ నేను లెక్కేసింది నా భుజం బలాన్ని, ఆమెది కాదు. సిగ్గేసింది.

మూడంగుళాలు కోశాను. మూతి వెంట్రుకవాసి వంకరున్నా గుండు దారి తప్పుతుంది కాబట్టి దాన్ని సరిచెయ్యడానికే మధ్యాహ్నం దాటింది. తర్వాత ఆమె ఎనభై గజాల నుంచి అయిదు గుళ్ళు కొడితే అయిదూ పళ్ళెంలోనే పడ్డాయి. వేగం కాస్త తగ్గిన మాట నిజమే. ఆ దూరంలో ఆ తేడా ఏ జింకకూ తెలియదు.

ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. డెబ్బై గజాల్లో ఒక ఆడజింక మేస్తోంది. ఆర్డిస్ మంచులో కూర్చుని, చేతులు మోకాళ్ళకు ఆనించి పేల్చింది. జింక ఎగిరి దూకి మిట్ట అవతలికి మాయమైంది.

ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. "పోయింది, మెర్ల్. మళ్ళీ అట్లాగే పోయింది. నువ్వెళ్ళి చూడు, నా వల్ల కాదు," అంది.

నెత్తుటి జాడ వెతుక్కుంటూ మిట్ట ఎక్కాను. గురి తప్పుంటే ఆ పాపం నాదే, నేను కోసిన గొట్టమే కదా. అవతల ముప్పై అడుగుల్లో, పొదల మధ్య జింక పడి ఉంది. గుండు సరిగ్గా ముంగాలి వెనక, గుండెలోనే తగిలింది.

"ఆర్డిస్! ఇక్కడే ఉంది! ఎప్పుడో ప్రాణం పోయింది!" అని అరిచాను.

వచ్చింది. చేతితొడుగు తీసి జింక మెడ మీద చెయ్యి వేసి, వెక్కివెక్కి ఏడ్చింది. మొగుణ్ణి పూడ్చిననాడు కూడా ఆమె అట్లా ఏడవగా నేను చూడలేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని కత్తి తీసింది. "నిలబడి చూస్తావేం, కాళ్ళు పట్టుకో. వచ్చే ఏడు నువ్వు రానక్కర్లేదులే," అంది.