కుంకుడు నీళ్ళు ఎక్కడ పోశావు?

మా అత్తగారికి నగలు మెరుగు పెట్టే షాపులంటే నమ్మకం లేదు. నగ మెరుస్తూ వస్తుంది గానీ తగ్గి వస్తుందని ఆవిడ వాదన. అందుకని నరసరావుపేటలో మా ఇంట్లో బంగారం కడగడానికి ఒకటే పద్ధతి. కుంకుడుకాయలు కొట్టి గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, ఆ రసంలో నగలు వేసి, మెత్తబడిన పాత పళ్ళ బ్రష్షుతో రుద్దడం.

ఇంతవరకూ నాకూ పేచీ లేదు. నాకు ఒళ్ళు మండేది ఆ తర్వాతి సంగతికి. బంగారం కడిగిన నీళ్ళు తూములో పోయకూడదట. అందులో అరిగిన బంగారం ఉంటుందట. గిన్నె పట్టుకుని పెరటి చివరి దాకా వెళ్ళి కరివేపాకు చెట్టు మొదట్లో పోయాలి. ఆ లెక్కన పప్పు తాలింపులో ఈపాటికి మేం కాసు బంగారమైనా తినుండాలి. కాపురానికి వచ్చిన కొత్తలో రెండు మూడుసార్లు మోశాను. ఆ తర్వాత ఆవిడ అటు తిరగ్గానే నీళ్ళు తూములో ఒంపేసి, ఖాళీ గిన్నెతో చెట్టు దాకా నడిచొచ్చేదాన్ని. ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి.

పోయినేడు సత్తెనపల్లిలో చుట్టాల పెళ్ళికి ముందురోజు ఆవిడ తన పుస్తెలతాడు కడగమని ఇచ్చారు. ఇవ్వడమంటే ఊరికే తీసి ఇవ్వడం కాదు. ముందు పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకుని, అప్పుడు బంగారు తాడు తీస్తారు. పగడం ఉంది కాబట్టి ఎక్కువసేపు నాననివ్వొద్దని రెండుసార్లు చెప్పి లోపలికి వెళ్ళారు. నాకేమో చీరలు ఇస్త్రీకి ఇచ్చి రావాలన్న తొందర. గబగబా రుద్దేసి, నీళ్ళు తూములో ఒంపేసి, అలవాటు ప్రకారం చెట్టు దాకా నడిచొచ్చి, తాడు గుడ్డలో వేసి తుడిచాను. ఒకటే పుస్తె ఉంది. రెండోది ఉండాల్సిన చోట అరిగిపోయిన రింగు నోరు తెరుచుకుని ఉంది.

తాడు తీసుకెళ్ళి చూపించి, "అత్తయ్యా, రింగు తెగింది" అన్నాను. ఆవిడ గబుక్కున చెయ్యెత్తారు. "తెగింది అనమాక. పెరిగింది అను."

పుస్తె తెగదు, పోదు, పెరుగుతుంది. ఆ మర్యాద నాకూ తెలుసు, గాభరాలో మరిచాను. ఆవిడ తాడును దగ్గరగా పెట్టుకుని చూశారు. జారిపోయింది పుట్టింటివాళ్ళు పెట్టిన పుస్తె అన్నారు. వాళ్ళమ్మ చేయించిందట. గొంతు పెంచలేదు. నీళ్ళెక్కడ పోశావని మాత్రం అడిగారు. కరివేపాకుకు పోశానన్నాను. ఆవిడ నా మొహం కాసేపు చూసి, మామయ్యకు ఫోన్ చేసి చెప్పమన్నారు.

సిగ్నల్ కోసం వీధి అరుగు మీదికి వెళ్ళాను. మామయ్య బజార్లో ఆటోలో ఉన్నారు, ఒకటే రొద. అత్తయ్య పుస్తె పెరిగిందని మూడుసార్లు అరిచాను. "పెరిగితే పెరగనియ్యమ్మా, రోజూ పెరగతానే ఉందిగా. మనమేమన్నా ఇప్పుడు కొంటన్నామా?" అన్నారాయన. బంగారం ధర గురించి కాదని నచ్చజెప్పేసరికి ఆటో బజారు దాటింది. అర్థమయ్యాక ఆయన అడిగిన మొదటి మాట, ఏ పుస్తె, మాదా వాళ్ళదా అని. వాళ్ళదని చెప్పగానే ఫోన్లోంచి నిట్టూర్పు వినిపించింది. కంసాలి ఆచారి గారిని పిలుచుకొస్తానని పెట్టేశారు.

లోపలికొచ్చేసరికి అత్తయ్య చిన్న పార పట్టుకుని కరివేపాకు చెట్టు దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు. పార నా చేతికిచ్చారు. తవ్వాను. మట్టి పిడికిళ్ళతో తీసి నలిపి చూశాను. ఆవిడ పీట మీదినుంచే, వేరుకు తగలకుండా తవ్వమనీ, అటువైపు ఇంకొంచెం లోతుగా తియ్యమనీ చెబుతున్నారు. నేను తవ్వే ప్రతి పారకూ ఆ పుస్తె వీధి కాలవ వైపు ఇంకాస్త జరుగుతోందని నాకు తెలుసు. ఒక్క నిజం చెబితే పరుగెత్తుకెళ్ళి తూము వెతకొచ్చు. ఎనిమిదేళ్ళ ఖాళీ గిన్నె గుర్తొచ్చి ఇంకో పార మట్టి తీశాను. ఆవిడ మెడలో ఆ పసుపుకొమ్ము చూస్తే మాత్రం ఏడుపొచ్చింది. చెట్టు చుట్టూ తవ్వడం పూర్తయ్యాక పార కింద పడేసి, "చెట్టుకు పొయ్యలేదత్తయ్యా, తూములో పోశా" అన్నాను. ఎప్పుడూ తూములోనే పోశానని కూడా చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ కొంగు ముడి విప్పారు. అందులో పుస్తె ఉంది, కుంకుడు తొక్కు అంటుకుని.

"తూముకి లోపల జాలీ ఉంది. నువ్వొచ్చిన ఏడే పెట్టించా" అన్నారు. నేను ఫోన్లో అరుస్తున్నప్పుడే వెళ్ళి తీసుకున్నారట. మరి నన్నింత సేపు ఎందుకు తవ్వించారని అడిగాను.

"నువ్వే చెప్తావేమోనని చూశా. అయినా కరివేపాకుకి పాదు తియ్యాలని నెల్నుంచీ అనుకుంటన్నా."

సాయంత్రానికి ఆచారి గారు కొత్త రింగు వేశారు. ఆవిడ తాడు మెడలో వేసుకున్నాకే పసుపుకొమ్ము తీశారు. ఇప్పుడు కడిగిన నీళ్ళు చుక్క కింద పడకుండా మోసుకెళ్ళి చెట్టుకే పోస్తున్నాను. ఆవిడ నన్ను ఆపి అడగరు, వెనక్కి తిరిగి చూడరు. తూములో జాలీ మాత్రం తియ్యలేదు.