యోహాను కాక రంపం మిషన్

పాత పెట్రోలు వాసన సబ్బుకు లొంగదు. నెల దాటింది, నా చేతులకు ఇంకా అదే వాసన. అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోతాను, మళ్లీ లేచి వెళ్లి చేతులు కడుక్కుంటాను. "కూసోని తినరాదా, ఎటు పోతది గా మిషన్?" అని మా ఆవిడ లలిత విసుక్కుంటుంది. నేను ఒక చోట కుదురుగా కూర్చునే మనిషిని కానని ఆమెకు పెళ్లైన వారానికే తెలుసు. కానీ ఈ నెలంతా నన్ను విస్తరి ముందు నుంచి లేపింది నా స్వభావం ఒక్కటే కాదు. అత్వెల్లిలో మా ఇంటి మెట్ల కింద, గోనెసంచి మీద విప్పి పరిచిన రంపం మిషన్. పెట్రోలుతో నడిచే పాతకాలం నాటి మిషన్, చెట్లు కోసేది. యోహాను కాకది. ఆయన పోయి ఏడాది నిండాక ఆయన భార్య సుగుణ చిన్నమ్మ దాన్ని నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నడు బిడ్డ. తొమ్మిదేండ్ల సంది మూలకున్నది. ఎందుకు ఆగిందో ఏమో," అంది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఇన్నేళ్లూ నాకొక్కడికే తెలుసనుకున్నాను.

యోహాను కాక మాకు చుట్టం కాడు. షామీర్‌పేటలో ఉండేవాడు, చెట్లు కోయడం ఆయన పని. మేడ్చల్‌లో నేను చేస్తున్న ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు వెళ్లి పని అడిగితే పెట్టుకున్నాడు. పొట్టి మనిషి. తొందర అన్నది ఆయన ఒంట్లోనే లేదు. చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగేవాడు. మాను ఎటు పడుతుందో కర్రతో నేల మీద గీత గీసి, ఆ దారిలో నిలబడ్డ వాళ్లను ఒక్కొక్కరినీ పక్కకు పంపేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన గీత గీసేలోపు నేనైతే రెండు కొమ్మలు కోసి పడేస్తానని ఒకసారి పైకే అనేశాను. "కోస్తవు గని, ఎవని నెత్తి మీద ఏస్తవు?" అన్నాడు, అంతే. మిషన్‌కు బిగించిన ప్రతి బోల్టు మీదా చిన్నమ్మ గోళ్ల రంగుతో ఎర్రటి గీత పెట్టేవాడు. బోల్టు వదులైతే గీత పక్కకు జరిగి దూరం నుంచే కనిపిస్తుంది. సిలిండర్ బిగించిన నాలుగు బోల్టుల మీద మాత్రం గీతలుండేవి కావు. ఎందుకని అడిగితే, "గవి నేను ఇప్పలే. ఇప్పనిది నా జిమ్మ కాదు," అన్నాడు. తాను విప్పి బిగించిన వాటికే ఆయన పూచీ.

ఆ మిషన్‌లో పెట్రోలు ఒక్కటే పోయకూడదు, కొలిచి నూనె కలపాలి. సిలిండర్ లోపల ఆడే పిస్టన్‌కు ఆ నూనే తడి. అది లేకపోతే వేడికి గీసుకుపోయి పట్టేస్తుంది. దీనికి కాక దగ్గర ఒక పద్ధతి ఉండేది. కలిపినవాడు గట్టిగా "నూనె పోసిన" అనాలి. రెండోవాడు ఎక్కడున్నా "విన్న" అనాలి. ఆ రెండు మాటలూ కానిదే ఇంజిన్ తాడు లాగేది లేదు. ఉన్నది మేమిద్దరమే. "గీ నాటకమెందుకు కాక?" అని మొదటి వారమే అడిగాను. "చెయ్యి మరుస్తది నర్సింగా. నోటితోని చెప్పాల్నంటే ఒక్కసారి సీస దిక్కు చూస్తవు," అన్నాడు.

ఒకరోజు గాలివానకు షామీర్‌పేట అవతల రోడ్డుకు అడ్డంగా నీలగిరి చెట్టు పడింది. రెండు వైపులా బండ్లు ఆగిపోయాయి. ఒకటే హారన్లు. కోళ్ల బండి డ్రైవర్ దిగి వచ్చి, "జల్దీ భాయ్, లోపల కోళ్లు సస్తున్నయి," అంటూ నా నెత్తిన నిలబడ్డాడు. సగం మాను కోసేసరికి మిషన్‌లో పెట్రోలు అయిపోయింది. పెట్రోలు డబ్బా నా చేతిలో ఉంది. నూనె సీసా స్కూటర్ డిక్కీలో, ఆగిన బండ్లన్నిటికీ అవతల ఉంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. పెట్రోలు ఒక్కటే పోసి, "నూనె పోసిన," అని అరిచాను. చెట్టుకు అవతల కొమ్మలు లాగుతున్న కాక తల తిప్పకుండానే "విన్న" అన్నాడు. వచ్చి మిషన్ అందుకున్నాడు. పావుగంట నడిచింది. తర్వాత మోత సన్నబడి, పైకి లేచి, టక్కున ఆగింది. తాడు లాగితే కదల్లేదు. ఆయన ఇంజిన్ మీద చెయ్యి వేసి, చుర్రుమంటే తీసేశాడు. నా వైపు చూశాడు. "ముసల్దయింది," అని దాన్ని పక్కన పెట్టి గొడ్డలి అందుకున్నాడు. నేను రెండో గొడ్డలి అందుకున్నాను.

దాని సామాన్లు దొరకడం అప్పటికే కష్టం, కొత్తది కొనే స్తోమత లేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి మళ్లీ చేతి రంపం పట్టాడు. రెండో కొస పట్టుకుని నేను లాగేవాడిని. భుజం నొప్పికి ఆయన పళ్లు బిగించడం ఎదురుగా ఉండి చూడాలి. నా వల్ల కాలేదు. రెండు నెలలకే కండ్లకోయలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాప్‌లో ఉద్యోగం చూసుకుని పారిపోయాను. పారిపోయాననే రాయాలి, ఇంకో మాట అతకదు. ప్రతి క్రిస్మస్‌కు మాత్రం వెళ్లేవాడిని. చిన్నమ్మ పెట్టిన కేకు తింటూ కాలేజీ ముచ్చట్లన్నీ వరసగా చెప్పేవాడిని. కాక అన్నీ విని, చివర్లో, "ఇంకేంది నర్సింగా? చెప్పేదేమన్న ఉన్నదా?" అనేవాడు. "ఏం లేదు కాక," అంటూనే చెప్పులు వేసుకునేవాడిని. ఎనిమిది క్రిస్మస్‌లు అలాగే గడిచాయి.

మెట్ల కింద కూర్చుని సిలిండర్ మీది మసి తుడిచిన రోజు, నాలుగు బోల్టుల మీదా ఎర్రటి గీతలు కనిపించాయి. విప్పాను. పిస్టన్ నిలువునా చారలు పడి ఉంది. ఆ పని తెలిసిన వాళ్లెవరైనా నూనె లేక పట్టేసిందని ఒక్క చూపులో చెబుతారు. అంటే కాక విప్పాడు, చూశాడు, మళ్లీ బిగించి గీతలు పెట్టాడు. ఆ రోజు ఇంటికీ గేటుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. మూడు వారాలు రాణిగంజ్ దుకాణాలన్నీ గాలించి దానికి సరిపోయే పిస్టన్ పట్టాను. కార్బురేటర్ కడిగాను, పెట్రోలు పైపు మార్చాను. బిగించిన ప్రతి బోల్టు మీదా లలిత గోళ్ల రంగుతో గీత పెట్టాను.

మొన్న ఆదివారం చర్చి విడిచే వేళకు షామీర్‌పేట వెళ్లాను. చిన్నమ్మ ఇంట్లో అడుగుపెట్టకముందే వాకిట్లోనే చెప్పేశాను. "చిన్నమ్మ, గా దినం నేను నూనె పోయలే. పోసిన అని కాకకు అబద్ధం చెప్పిన." ఆమె బైబిల్ గూట్లో పెట్టి వచ్చి గడప మీద కూర్చుంది. "ఎర్కే బిడ్డ. తెల్లారే ఇప్పి చూసిండు. వాన్ని అడుగు అని నేనంటే, వాడే చెప్తడు తియ్యి అన్నడు. పండుగకు నువ్వొచ్చి పోయినంక, ఈయేడు గూడ చెప్పకపాయె అనెటోడు." మిషన్ ఇస్తూ ఎందుకు ఆగిందో ఏమో అన్నది కూడా తెలిసే అన్నదన్నమాట. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. ఏడ్చాను, దాచుకోవడం దేనికి. కాసేపు చూసి, "సాలు తియ్యి. నడుస్తదో లేదో చూడు," అని ఆమె కూర మాడుతుందంటూ లోపలికి వెళ్లింది.

నూనె కొలిచాను. పెట్రోలులో పోశాను. పోసిన సీసా వైపు మళ్లీ ఒకసారి చూశాను. గొంతు సరిచేసుకుని, ఎవరూ లేని వాకిట్లో "నూనె పోసిన" అన్నాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"విన్న," అంది చిన్నమ్మ.

నాలుగోసారి తాడు లాగితే మిషన్ అందుకుంది. నాకు కుదురు ఇప్పటికీ రాలేదు, ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచాను. కానీ వర్క్‌షాప్‌లో ఏ పనైనా అయిందని చెప్పబోతే నోరు ఒక్క క్షణం ఆగుతుంది. సీసా దిక్కు చూశాకే చెబుతున్నాను.