మా అత్తకు తెలిసిన ఒకే ఒక్క వాసన

మా అత్త హాల్లో కూర్చుని తమిళ పేపరు చదువుతూనే, వంటింట్లో పోపులో మెంతులు మాడబోతున్నాయని చెప్పేది. కోయంబత్తూరులో మా బంధువుల ఇళ్లలో పెళ్లి జరిగితే, ఆకులు పరిచే ముందు సాంబారు గరిటెలో పోసి ఆమె దగ్గరికి తెచ్చేవాళ్లు. ఆమె రుచి చూడదు. వాసన చూసి తలూపుతుంది, వడ్డన మొదలవుతుంది. మధురైకి దక్షిణాన నల్లరేగడి పల్లెనుంచి కోడలిగా వచ్చిన నాకు చాలా ఏళ్లు కూరలు తరగడమే పని. పోపు గరిటె ఆమె చేతిలోనే ఉండేది.

రెండేళ్ల క్రితం ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో తగ్గింది. నెల తర్వాత ఒక ఉదయం, పులిసిపోయిన కొబ్బరి చట్నీని మా ఆయన పళ్లెంలో వేసింది. నేను పళ్లెం మార్చాను. నా ముఖం చూసి, చట్నీ పులిసిందని ఆమెకు అర్థమైంది. నన్ను పెరటి వరండాలోకి పిలిచింది.

"జొరం వచ్చినప్పట్నుంచి నాకు వాసనే తెలీడం లేదు కణ్ణు. ఎవురికీ చెప్పొద్దు. నీ మొగుడికి కూడా."

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. అప్పటికే ఒంటరిగా వెళ్లి వచ్చిందట. వాసన తిరిగి వస్తే రావచ్చు, లేకుంటే లేదన్నాడట డాక్టరు.

"నువ్వు పక్కన ఉండు, చాలు," అంది.

ఆ జూన్‌లో నేను పోదనూరులో ఒక స్కూల్లో కెమిస్ట్రీ టీచరుగా చేరాల్సి ఉంది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు దొరికిన మొదటి ఉద్యోగం. ఫోన్ చేసి ఒక టర్మ్ గడువు అడిగాను. ఆ తర్వాత ఇంకో టర్మ్. మూడోసారి అడిగే అవసరం రాలేదు. వేరే ఆమెను తీసుకున్నామని వాళ్లే చెప్పారు.

నేను మా అత్త ముక్కునయ్యాను. గాంధీపురంలో ఒక నిశ్చితార్థానికి వెళ్తే ఆమె పక్కనే నిలబడ్డాను. గరిటె వచ్చినప్పుడు నేను ముందుకు వంగి వాసన చూసి, బాగుంటే ఆమె మోచేతిని తాకాను. ఆమె తలూపింది. ఈ వయసులోనూ ఆమె ముక్కు తప్పదని అందరూ మెచ్చుకున్నారు. మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయితే ఊరికి వెళ్లి ఒక్క పూటే ఉండి తిరిగొచ్చాను. ఎందుకంత తొందరని అమ్మ అడిగింది. అబద్ధం చెప్పాను.

ఇలా ఉండగా మా ఆయన ఒక చిన్న సీసా తెచ్చారు. ఆయన పంపుల విడిభాగాలు చేయించి విదేశాలకు పంపుతారు. అక్కడి కొనుగోలుదారు ఒకాయన ఇచ్చాడట, ట్రఫుల్ నూనె. ట్రఫుల్ అంటే మట్టి కింద పెరిగే ఒక రకం పుట్టగొడుగు, కుక్కలు వాసన పట్టి తవ్వుతాయని ఫోన్‌లో చదివి మా అమ్మాయికి చెప్పాను. సీసా మీది చిన్న అక్షరాలు చూస్తే అందులో పుట్టగొడుగు ముక్క కూడా లేదు. నూనెలో ఆ వాసన కలిపారంతే. పొయ్యి మీద కాచకూడదు, వంట దించాక పైన పోయాలి, మనం కందిపొడి అన్నంలో నువ్వుల నూనె పోసుకున్నట్టు.

ఆ సాయంత్రం ఉర్లగడ్డ వేపుడు దించి అర చెంచా పోశాను. మా అమ్మాయి ముక్కు మూసుకుంది. మా ఆయన పళ్లెం కొంచెం పక్కకు జరిపారు. అత్త మాత్రం హాల్లోంచి గబగబా వచ్చింది.

"గ్యాస్ లీకవతా ఉండాది, సిలిండరు మూయి," అంది. అని, అక్కడే ఆగిపోయింది.

మా ఆయన నవ్వి, అది నూనె వాసన అన్నారు. ఆమె ఆయన మాట వినలేదు. వేపుడు గిన్నె తీసుకుని ముఖం దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది. నా కళ్లు తడిశాయి. ఆమె కోసమేనని అనుకోవాలనుంది. కానీ ముక్కు తిరిగొస్తోంది, ఇక నేను బయటపడతాను అన్న ఆలోచనే ముందు వచ్చింది.

ముక్కు తిరిగి రాలేదు. రోజూ పొద్దున కాఫీ పొడి, ఇంగువ, మల్లెపూలు ఆమె ముందు పెట్టి చూశాను. ఏదీ తెలియలేదు, ఆ నూనె తప్ప. చారులో, పప్పులో, చివరికి పెరుగన్నంలోనూ అదే పోసుకునేది. రెండో సీసా, మూడో సీసా తెప్పించాం. నా చీరల్లో, జుట్టులో, తలగడలో అదే వాసన. తలుపు తీసి వాకిట్లో నిలబడ్డా అది నాతోనే వచ్చేది.

ఒక మధ్యాహ్నం మేడ మీద మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టి కిందికి దిగుతుంటే మెట్ల మీదే గ్యాస్ వాసన కొట్టింది. పరిగెత్తాను. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ వస్తూనే ఉంది. అత్త చేతిలో లైటర్ ఉంది. నేను దాన్ని లాగి పారేసి, సిలిండరు మూసి, కిటికీలన్నీ తెరిచాను.

"నా నూన వాసన అనుకుంటి," అంది మెల్లగా.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. అమ్మ పక్కన నువ్వుండగా భయం లేదు, ఇకమీద వంటింట్లో ఆమెను ఒంటరిగా వదలొద్దని మాత్రం నెమ్మదిగా అన్నారు. అంతవరకు ఒక రహస్యం నన్ను ఇంట్లో ఉంచింది. ఇప్పుడు ఇల్లంతా కలిసి ఉంచింది.

అత్త వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఆ స్కూల్లో మళ్లీ అడిగావా అంది. ఆ చోటు ఎప్పుడో నిండిందని చెప్పాను. కాసేపు ఒలిచింది.

"పోయింది నా ముక్కు. నిన్ను కట్టేసుకుంటిని," అంది. "తప్పు నాదే."

ఆమే కొడుక్కి చెప్పి గ్యాస్ తీసేయించి, కరెంటు పొయ్యి కొనిపించింది. తర్వాతి పెళ్లిలో గరిటె తెచ్చినప్పుడు, నాకు వాసన తెలీదు, నా కోడలికి చూపించండని అందరి ముందూ అంది. వాళ్లు గరిటె నా వైపు తిప్పారు. వద్దనలేకపోయాను.

ఇప్పుడు వారానికి మూడు మధ్యాహ్నాలు పోదనూరులో ఒక ట్యూషన్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. బోర్డు మీద సమీకరణం రాస్తూ మధ్యలో ఆగిపోతాను, గ్యాస్ కట్టేశానా అని. ఇంట్లో గ్యాసే లేదని గుర్తొస్తుంది. అయినా బయటికి వచ్చి ఫోన్ చేస్తాను.

"అంతా సరిగానే ఉండాది, నువ్వు పాఠం చెప్పు," అని ఆమె విసుగ్గా ఫోన్ పెట్టేస్తుంది.