ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు

మా కోనసీమలో అవునన్నా ‘ఆయ్’ అంటారు, వింటున్నానన్నా ‘ఆయ్’ అంటారు, మీరు పెద్దవారు, మీ మాటకు అడ్డు చెప్పను అనడానికీ అదే మాట. అమలాపురంలో మూత్రవ్యాధుల ఆసుపత్రి నర్సుగా నేను ఈ ఒక్క మాటతో పడ్డ అవస్థ ఏ జబ్బుతోనూ పడలేదు.

ఆమధ్య మా ఆసుపత్రికి అనంతపురం వైపు నుంచి కొత్త డాక్టరుగారు వచ్చారు. మంచి మనిషి, ఓపిక ఎక్కువ. ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒక పెద్దాయనకు ప్రోస్టేట్‌లో చిన్న క్యాన్సర్ కనబడితే, ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా విడమరిచి చెప్పారు. ఇది నెమ్మది రకం, ఇప్పట్లో ముప్పు లేదు. అప్పుడప్పుడూ రక్తపరీక్ష, అవసరమైతే మళ్లీ చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తూ కనిపెట్టి ఉండొచ్చు. పెరిగితే అప్పుడే వైద్యం. లేదా ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేయొచ్చు, కాని తర్వాత మూత్రం ఆగకపోవచ్చు, సంసారానికీ ఇబ్బంది రావచ్చు. ప్రతి మాటకూ పెద్దాయన ఆయ్ అంటూనే ఉన్నారు.

“అయితే ఆపరేషన్ చేసేద్దామా?” అన్నారు డాక్టరుగారు.

“ఆయ్.”

ఇంకేముంది, తేదీ ఖాయమైపోయింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. కనిపెట్టి ఉందామా అని అడిగినా అదే జవాబు వచ్చేదని పాపం కొత్త డాక్టరుగారికేం తెలుసు?

బయట బల్ల మీద భార్య పక్కన కూర్చుని పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నారు. ఆపరేషన్ ఇష్టమేనా అంటే మళ్లీ ఆయ్ అంటారు. అందుకని మరోలా అడిగాను.

“మీకు దేనికి భయంగా ఉందండీ, బాబాయిగారూ?”

ఆయన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. “రోజంతా చెరువు గట్ల మీద నలుగురిలో తిరిగే మనిషినండి. పంచె తడుపుకుంటూ ఎలా తిరగనండి? తలుచుకుంటేనే ఏడుపొస్తోందండి.”

“మరి లోపల ఆ మాట అనలేదేం?”

“డాక్టరుగారు అంత ఇదిగా చెప్పేరు. కాదంటే బాగోదు కదండీ.”

భార్యకు వేరే భయం. “ఒంట్లో దాన్ని పెట్టుకుని ఊరుకోమంటారేంటండీ?”

“ఊరుకోవడం కాదు పిన్నిగారూ. చెరువులో మేతేసి ఇంటికొచ్చి పడుకోరు కదండీ. నీళ్లలో వేలాడదీసిన చెక్ ట్రే పైకి తీసి రొయ్య ఎలా ఉందో చూసుకుంటారు. ఇదీ అంతే. పరీక్షలు మానేస్తే మాత్రం కుదరదండి.”

“తేడా కనబడితే?”

“అప్పుడు చెరువు పట్టేసినట్టే దీన్నీ తీయించేయడమే,” అన్నారు పెద్దాయన. నాకంటే ముందే భార్యకు జవాబు చెప్పారు.

ఇద్దరినీ మళ్లీ లోపలికి తీసుకెళ్లి, డాక్టరుగారికి ఆయ్ సంగతంతా విప్పి చెప్పాను. ఆయన తల పట్టుకుని నవ్వి, పెద్దాయన వైపు తిరిగారు. “ఏం చేద్దామో మీరే చెప్పండి.”

దీనికి ఆయ్ అంటే సరిపోదు. పెద్దాయన భార్యను చూశారు, నన్ను చూశారు. “ఇప్పుడు ఆపరేషన్ వద్దండి. కనిపెట్టుకుని ఉంటానండి. పరీక్షలకి మాత్రం తప్పకుండా వస్తానండి.”

బయటికొస్తూ పిన్నిగారు నా చెయ్యి పట్టుకున్నారు. “ఈయన ఎవరితోనైనా వద్దనడం నేను వినడం ఇదే మొదటిసారండి,” అన్నారు. నాకు చాలా సంతోషమేసింది.

అన్నమాట ప్రకారం పరీక్షలకు వస్తూనే ఉన్నారు. కిందటిసారి డాక్టరుగారు రిపోర్టు చూసి, “బాగానే ఉంది. ఇలాగే కనిపెట్టి ఉందామా?” అని అడిగారు.

“ఆయ్.”

డాక్టరుగారు అనుమానంగా నావైపు చూశారు.

“ఇది అసలైన ఆయ్ అండి,” అన్నాను.